పియానో, సుషిర వాద్యాల కచేరీని ఎలా వినాలి: మొజార్ట్ రచనలతో ఒక సాయంత్రం

పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీకి తొలిసారి వెళ్ళేవారు సాధారణంగా పియానో వాయించే కళాకారుడి మీదనే చూపు నిలుపుతారు. వేదిక ముందుభాగంలో నల్లటి పెద్ద వాద్యం, దాని ముందు ఒక్కరే కూర్చున్న మనిషి, వెనుక ముప్పై నలభై మంది ఉండే ఆ అమరికే అలా చూడమని చెబుతుంది. గాత్రాన్ని ప్రధానంగానూ వయొలిన్, మృదంగాలను పక్కవాద్యాలుగానూ వినే మన అలవాటు కూడా దానికి తోడవుతుంది. అయితే పద్దెనిమిదో శతాబ్దపు ఆస్ట్రియా సంగీత రచయిత మొజార్ట్ 1784 నుంచి వియన్నాలో రాసిన పియానో రచనలను ఈ పద్ధతిలో వింటే సగం సంగీతం చెవిన పడకుండానే పోతుంది. వాటిలో ఒబో, క్లారినెట్, బస్సూన్, హార్న్, ఫ్లూట్ పక్కవాద్యాలు కావు, పియానోకు ఎదురుగా కూర్చుని మాట అందుకునే వాద్యాలు. ఆ సంభాషణను పట్టుకోవడానికి టికెట్టు కొనే రోజు నుంచి చివరి చప్పట్ల దాకా ఏమి చేయాలో ఇక్కడ వివరిస్తాను.

ఛాంబర్ ఆర్కెస్ట్రా, అంటే చిన్న వాద్యబృందం, ఒకే సాయంత్రం హాయిగా వాయించగలిగే మూడు రచనలను ఉదాహరణగా తీసుకుందాం. మొదటిది ఎనిమిది సుషిర వాద్యాలకు రాసిన సి మైనర్ సెరెనేడ్ (వినోదం కోసం రాసే రచన, కె. 388). రెండోది పియానో, ఒబో, క్లారినెట్, హార్న్, బస్సూన్‌లకు రాసిన ఈ ఫ్లాట్ మేజర్ క్వింటెట్ (కె. 452). విరామం తరువాత సి మైనర్ పియానో కాన్సర్టో (కె. 491), అంటే పియానోను ఆర్కెస్ట్రాకు ఎదురు నిలిపే కాన్సర్టోల వరుసలో 24వది. సి మైనర్, ఈ ఫ్లాట్ మేజర్ అనేవి స్వరక్రమాల పేర్లు, వాటి సంగతి తరువాత చెబుతాను. మొదటిదానిలో పియానో లేదు, రెండోదానిలో అది అయిదుగురిలో ఒకటి, మూడోదానిలో పూర్తి ఆర్కెస్ట్రాతో తలపడుతుంది. మూడూ కలిసి దాదాపు గంటా ఇరవై నిమిషాలు పడతాయి. ఇక్కడ "కె." అనే అక్షరం కోషెల్ అనే ఆస్ట్రియా పండితుడు 1862లో ప్రచురించిన పట్టికలోని సంఖ్యను సూచిస్తుంది. మొజార్ట్ సి మైనర్‌లో రాసినవి ఇంకా ఉన్నాయి కాబట్టి, ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు పేరుకన్నా ఈ సంఖ్యను నమ్ముకోవడం మంచిది.

సీటు ఎంచుకోవడం

పియానో మీటల వరుస ప్రేక్షకుల ఎడమచేతి వైపున ఉండేలా వాద్యాన్ని నిలుపుతారు, మూత ప్రేక్షకుల వైపుకు తెరుచుకుంటుంది. కళాకారుడి చేతులు కనబడాలని అందరూ ఎడమవైపు ముందు వరుసలను కోరుకుంటారు, వాటి ధర కూడా తరచుగా ఎక్కువే. నేను కూడా తొలిసారి అలాగే ఖరీదైన ముందు వరుస టికెట్టు కొన్నాను. వేదిక నా కంటికన్నా ఎత్తులో ఉండటంతో రెండు గంటల పాటు వయొలిన్ వాయించేవారి వీపులు, పియానో అడుగుభాగం తప్ప మరేమీ కనబడలేదు. క్లారినెట్ ఎప్పుడు మొదలైందో, ఎవరు వాయించారో తెలియకుండానే ఇంటికి వచ్చాను. సుషిర వాద్యకారులు తంత్రీ వాద్యాల వెనుక, వేదిక మధ్యభాగంలో రెండు వరుసలుగా కూర్చుంటారు. వాళ్ళు కనబడాలంటే బాల్కనీ మొదటి వరుసలు గానీ, కింది అంతస్తులో నేల ఎత్తు పెరిగే వెనుక వరుసలు గానీ మేలు. ధర తక్కువ, దృశ్యం ఎక్కువ. కొన్ని చిన్న ఆర్కెస్ట్రాలలో పియానో కళాకారుడే కండక్టర్‌గా, అంటే చేతి సైగలతో బృందాన్ని నడిపేవాడిగా కూడా వ్యవహరిస్తాడు. అప్పుడు మూత తీసేసి, కళాకారుడి వీపు ప్రేక్షకుల వైపు, ముఖం వాద్యకారుల వైపు ఉండేలా పియానోను తిప్పి పెడతారు. కార్యక్రమ వివరాలలో అలా రాసి ఉంటే ఎడమవైపు సీటు కోసం అసలే పోటీ పడనక్కరలేదు.

అమెరికా, బ్రిటన్, జర్మనీలలో ఉంటున్న తెలుగువారికి ఇలాంటి కచేరీలు తమ ఊళ్ళోనే దొరుకుతాయి. మన దేశంలో ఉన్నవారు ముంబైలోని నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ కార్యక్రమాలను గమనిస్తూ ఉండవచ్చు. 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా నివాసం అదే.

ముందు వారం రోజులు చేయవలసిన పని

మూడు రచనలనూ ముందే పూర్తిగా విని వెళ్ళమని నేను చెప్పను, అది పరీక్షకు చదివినట్టు అవుతుంది. కాన్సర్టోలోని రెండో భాగాన్ని మాత్రం, దాని పేరు లార్‌గెట్టో, దాదాపు ఏడెనిమిది నిమిషాల నిడివి, మూడు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు వినండి. మొదటి రోజు పియానోను మాత్రమే వెంబడించండి. అది ఆరంభంలో ఒంటరిగా వాయించే పాట చిన్నపిల్లలు కూడా పట్టుకోగలిగినంత సరళంగా ఉంటుంది, నోటితో కూనిరాగంగా పాడుకోండి. రెండో రోజు పియానోను వదిలేసి, అది ఆగినప్పుడు ఎవరు అందుకుంటున్నారో మాత్రమే వినండి. మూడో రోజు ఇద్దరినీ కలిపి వినండి. ఈ మూడు వినికిడులతో చెవి రెండుగా చీలి మళ్ళీ ఒకటవుతుంది, ఆ శక్తి కచేరీ రోజు మిగతా రచనలన్నిటికీ పనికివస్తుంది.

వాద్యాల గొంతులను గుర్తుపట్టడం ఈ వారంలోనే నేర్చుకోవాలి. మనకు సన్నాయి, నాదస్వరం తెలుసు కాబట్టి ఇది కష్టం కాదు. ఒబో నాదస్వరానికి దగ్గరి చుట్టం, రెండింటిలోనూ ఒకదానికొకటి ఆనించి కట్టిన రెండు రెల్లు పలకల మధ్య నుంచి ఊపిరి దూరి నాదం పుడుతుంది. కరవది నుంచి శ్రీరంగం దాకా కీర్తి గడించిన షేక్ చిన మౌలానా గారి నాదస్వరం విన్న చెవికి ఒబోలోని ఆ సన్నని, కొంచెం ముక్కుతో పలికినట్టుండే పదును వెంటనే తెలిసిపోతుంది. తేడా ఏమిటంటే నాదస్వరం ఊరేగింపులో వీధి చివరిదాకా వినబడటానికి తయారైంది, ఒబో గది లోపల గొంతు తగ్గించి మాట్లాడటానికి మలచబడింది. క్లారినెట్‌కు ఒకే రెల్లు పలక ఉంటుంది. పెళ్ళి బ్యాండు మేళంలో దాన్ని మనం ఎన్నోసార్లు విన్నాం, కానీ అక్కడ తారస్థాయిలో గట్టిగానే విన్నాం. మొజార్ట్ దాని మంద్రస్థాయిని, చీకటిగా, నూనె పూసినట్టు నున్నగా ఉండే కింది స్వరాలను ప్రేమించాడు. చూడటానికి ఒబో, క్లారినెట్ దాదాపు ఒకే పొడవు ఉంటాయి, అయినా గొట్టం లోపలి ఆకారం వల్ల క్లారినెట్ ఒబోకన్నా చాలా కిందికి దిగగలదు. బస్సూన్ దాదాపు రెండున్నర మీటర్ల గొట్టాన్ని మధ్యకు మడిచి చేసిన వాద్యం, దానికి కూడా రెండు రెల్లు పలకలే. హార్న్‌కు రెల్లు లేదు, వాయించేవారి పెదవులే కంపిస్తాయి. మొజార్ట్ కాలపు హార్న్‌కు మీటలు కూడా లేవు. గొట్టం సహజంగా ఇచ్చే కొద్దిపాటి స్వరాలనూ, గంట ఆకారపు నోటిలో చేయి పెట్టి మూసి తెరచి సాధించే మరికొన్ని స్వరాలనూ నమ్ముకునే ఆయన హార్న్ భాగాలను రాశాడు.

రాగాల గురించి ఒక మాట. సి మైనర్‌లో ఎక్కువగా వినిపించే ఒక స్వరక్రమం మన కీరవాణి స్వరస్థానాలతో కలుస్తుంది, మేజర్ స్వరక్రమం శంకరాభరణంతో కలుస్తుంది. ఆ పోలిక తలుపు తీయడానికి పనికివస్తుంది, అంతకుమించి లాగకూడదు. ఇక్కడ గమకం కోసం వెతకనక్కరలేదు, తంబూరా కూడా ఉండదు. కచేరీ అంతా ఆధార షడ్జం ఒక్కచోటే నిలిచి ఉండే సంగీతానికి అలవాటుపడిన మనకు, షడ్జమే ఒక చోటి నుంచి మరో చోటికి ప్రయాణం చేసి తిరిగి ఇంటికి రావడమనే అనుభవం కొత్తది. మధ్యలో "ఎక్కడున్నాం" అనిపిస్తే కంగారు పడవద్దు, రచయిత కోరుకున్నది అదే.

హాల్లోకి వెళ్ళిన తరువాత

తలుపులు మూసిన తరువాత వచ్చినవారిని ఒక రచన పూర్తయ్యేదాకా లోపలికి పంపరు కాబట్టి పావుగంట ముందే చేరండి. ఆ పావుగంట వృథా కాదు. ఒబో కళాకారిణి చిన్న డబ్బీలోని నీళ్ళలో రెల్లును నానబెట్టి, పెదవుల మధ్య పెట్టుకుని తడి సరిచూసుకోవడం, హార్న్ వాయించేవారు వాద్యాన్ని గుండ్రంగా తిప్పి లోపల చేరిన నీటిని నేలమీదకు వంచడం వంటివి బాల్కనీ నుంచి స్పష్టంగా కనబడతాయి. అది ఎంగిలి అని కొందరు మొహం చిట్లిస్తారు. వెచ్చని ఊపిరి చల్లటి లోహానికి తగిలి నీరైనది అది, చాలావరకు ఆవిరే.

ఆర్కెస్ట్రా శ్రుతి చేసుకునేటప్పుడు సాధారణంగా ఒబో "ఎ" స్వరాన్ని ఇస్తుంది, అంతర్జాతీయంగా సెకనుకు 440 కంపనాలుగా స్థిరపడిన స్వరం అది. పియానో వేదిక మీద ఉన్న రోజున మాత్రం ముందుగా పియానో మీటను నొక్కి, దానితో ఒబో కలిసి, ఆ తరువాత మిగతావారు కలుస్తారు. కారణం సులువు. రెండు వందలకు పైగా తీగలున్న పియానోను కచేరీ మధ్యలో సవరించడం కుదరదు. సుషిర వాద్యాలేమో హాలు వేడెక్కే కొద్దీ, ఊపిరి తగిలే కొద్దీ శ్రుతి పెరుగుతూ పోతాయి. పియానో వంగదు, వాళ్ళే పెదవులతో, ఊపిరితో క్షణక్షణం వంగాలి. ఆ సాయంత్రమంతా క్లారినెట్, పియానో ఒకే స్వరం మీద కలిసిన ప్రతిచోటా ఈ కనబడని శ్రమ ఉంటుందని గుర్తుంచుకోండి.

చప్పట్ల విషయం అందరినీ ఇబ్బంది పెడుతుంది. మన కచేరీలో మంచి సంగతి పడగానే "భళా" అంటాం, తొడమీద తాళం వేస్తాం. ఇక్కడ ఒక్కో రచనలో మూడు నాలుగు భాగాలు ఉంటాయి, అన్నీ ముగిసిన తరువాతే చప్పట్లు కొట్టడం నేటి ఆచారం. వాద్యకారులందరూ వాద్యాలను దించి, కండక్టర్ చేతులు కిందికి వాలిన తరువాత మొదలుపెడితే తప్పు జరగదు. ఈ ఆచారం మొజార్ట్ కాలం నాటిది కాదు. పారిస్‌లో తన సింఫనీ (పూర్తి ఆర్కెస్ట్రాకు రాసిన రచన) వాయించినప్పుడు మొదటి భాగం మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని ఆయన 1778 జూలై 3న తండ్రికి సంతోషంగా రాశాడు. కాబట్టి పొరపాటున ఎవరైనా మధ్యలో కొడితే వారి వైపు కోపంగా చూడటం అన్యాయం.

సెరెనేడ్: ఎనిమిది ఊపిరులు

1782లో జోసెఫ్ చక్రవర్తి వియన్నా ఆస్థానంలో రెండేసి ఒబోలు, క్లారినెట్లు, హార్న్‌లు, బస్సూన్‌లతో ఎనిమిదిమంది బృందాన్ని ఏర్పాటు చేశాడు. అలాంటి బృందాన్ని "హార్మొనీ" అనేవారు. భోజనాల వేళ, తోటల్లో, ఉల్లాసంగా వినిపించడం దాని పని. ఆ కాలంలోనే, 1782-83 ప్రాంతంలో, అదే అమరికకు మొజార్ట్ ఈ సెరెనేడ్‌ను రాశాడు, కానీ ఇందులో భోజనాల వేళకు తగిన ఉల్లాసం లేదు. ఎనిమిదిమందీ ఒకే స్వరాలను బలంగా పలుకుతూ మెట్లెక్కినట్టు పైకి వెళ్ళే ఆరంభం వినగానే ఆ సంగతి తెలుస్తుంది.

పిల్లలను తీసుకువెళితే మూడో భాగానికి వారిని సిద్ధం చేయండి. అది కానన్, అంటే పైవారు మొదలుపెట్టిన పాటనే కిందివారు కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టి వెంటబడతారు. దాని మధ్యలో వచ్చే ట్రయో అనే ఘట్టంలో క్లారినెట్లు, హార్న్‌లు ఊరుకుంటాయి. రెండు ఒబోలు, రెండు బస్సూన్‌లు మాత్రమే మిగిలి, ఒకరు పైకి వెళ్ళిన చోట మరొకరు అంతే దూరం కిందికి దిగుతారు, చెరువు గట్టున నిలబడినవాడి నీడ నీళ్ళలో తలకిందులైనట్టు. వేలితో గాలిలో గీత గీస్తూ ఇంట్లో ఒకసారి వినిపిస్తే ఎనిమిదేళ్ళ పిల్లలకు కూడా అర్థమవుతుంది. విదేశాల్లో బడి బ్యాండులో క్లారినెట్టో ఫ్లూటో నేర్చుకుంటున్న మన పిల్లలు చాలామంది ఉన్నారు. తమ చేతిలో ఉన్న వాద్యం ఇంత పని చేయగలదని వారు చూడవలసిన చోటు ఇదే.

క్వింటెట్: ఒకరి మాట మరొకరు పూర్తిచేయడం

ఈ రచన 1784 మార్చి 30న పూర్తయింది, ఏప్రిల్ 1న వియన్నాలోని బుర్గ్ థియేటర్‌లో మొజార్టే పియానో ముందు కూర్చుని వినిపించాడు. ఏప్రిల్ 10న తండ్రికి రాసిన ఉత్తరంలో, ఇప్పటివరకు నేను రాసినవాటిలో ఇదే ఉత్తమమైనదని అనుకుంటున్నాను అన్నాడు. ఆ మాటను నేను తేలికగా తీసుకోను, ఎందుకంటే ఇక్కడ ఆయన పరిష్కరించిన సమస్య చాలా కఠినమైనది. నాలుగు తంత్రీ వాద్యాలు సులువుగా ఒకే రంగులో కలిసిపోతాయి, ఈ నాలుగు సుషిర వాద్యాలు నాలుగు వేరు గొంతులు, పైగా ప్రతి ఒక్కరికీ ఊపిరి తీసుకునే వ్యవధి కావాలి. అందుకని ఆయన పొడవైన పాటలను ఒక్కరికే అప్పగించకుండా, చిన్న చిన్న మాటలుగా విడగొట్టి చేతులు మార్చాడు. ఒబో సగం చెబుతుంది, క్లారినెట్ పూర్తి చేస్తుంది, బస్సూన్ తల ఊపుతుంది, పియానో ఆ మాటనే అలంకరించి తిరిగి ఇస్తుంది.

కాబట్టి ఇక్కడ వినే పద్ధతి మారాలి. పాట ఎటు పోతోందని కాక, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతోందని చూడండి. కండక్టర్ లేడు. ఒబో వాయించేవారు వాద్యాన్ని ఒక అంగుళం పైకెత్తి ఊపిరి పీల్చుకోవడమే సైగ. ఆ పీల్పు నిశ్శబ్దంగా ఉన్న హాల్లో ముందు వరుసలకు వినబడుతుంది కూడా. పియానో వాయించేవారు ఊపిరితో పని లేకపోయినా సరిగ్గా వారితోపాటే భుజాలు లేపి పీల్చుకుంటే, అది మంచి కచేరీ కాబోతోందని నిశ్చింతగా అనుకోవచ్చు. చివరి భాగంలో మరో విశేషం ఉంది. కేడెన్జా అంటే సాధారణంగా ఒక్క కళాకారుడు ఆర్కెస్ట్రాను ఆపి తన మనోధర్మం చూపే ఘట్టం. ఇక్కడ మొజార్ట్ అయిదుగురికీ కలిపి కేడెన్జా రాశాడు, ఒక్కొక్కరూ వరుసగా ప్రవేశించి అల్లుకుంటారు. తరువాత కొన్నేళ్ళకు యువకుడైన బేతోవెన్ ఇవే అయిదు వాద్యాలకు, ఇదే ఈ ఫ్లాట్ మేజర్‌లో తన ఓపస్ 16 (ఓపస్ అంటే రచన సంఖ్య) రాశాడు. ఈ క్వింటెట్ నచ్చితే తరువాత వినవలసినది అదే.

కాన్సర్టో: పూర్తి సభ

విరామంలో పియానోను ముందుకు జరుపుతారు. సి మైనర్ కాన్సర్టో పూర్తయినట్టు మొజార్ట్ తన పట్టికలో 1786 మార్చి 24 తేదీ వేశాడు, అప్పటికి ఆయన వయసు ముప్పై. ఒక ఫ్లూట్, రెండేసి ఒబోలు, క్లారినెట్లు, బస్సూన్‌లు, హార్న్‌లు, ట్రంపెట్లు, టింపనీ అనే పెద్ద డోళ్ళు, తంత్రీ వాద్యాలు ఉన్న ఈ బృందం ఆయన కాన్సర్టోలన్నిటిలోకీ పెద్దది. అంతకుముందు రాసిన రెండు కాన్సర్టోల్లో (కె. 482, కె. 488) ఒబోలను తీసేసి క్లారినెట్లను పెట్టిన ఆయన, ఒంటి పియానోకు రాసిన కాన్సర్టోల్లో ఇక్కడొక్కచోటే రెండింటినీ కూర్చోబెట్టాడు. ఆస్థాన బృందంలో క్లారినెట్ వాయించిన ఆంటన్ స్టాడ్లర్ ఆయన స్నేహితుడు కావడం ఆ వాద్యం మీద మమకారాన్ని పెంచింది.

మొదటి భాగం మూడు దెబ్బల లెక్కలో నడుస్తుంది, రూపక తాళం అలవాటున్నవారు మనసులో వేసుకోవచ్చు, చేతితో మాత్రం వద్దు. తంత్రీ వాద్యాలు, బస్సూన్‌లు ఒకే గొంతుతో, మెల్లగా, ఎటు అడుగు వేస్తున్నాయో తెలియనివ్వని ఒక పాటతో మొదలుపెడతాయి. పియానో 99 ఆవర్తాల వరకు నోరు విప్పదు. ఆ రెండు నిమిషాలకు పైగా కాలాన్ని ఎదురుచూపుగా గడపకండి. తరువాత సుషిర వాద్యాలు ఎంత మాట్లాడబోతున్నాయో అప్పుడే తెలుస్తుంది. చివరికి పియానో ప్రవేశించినప్పుడు ఆర్కెస్ట్రా పాటను అందుకోదు, ఒంటరిగా, కొత్త పాటతో, తలుపు తోసుకుని కాక మెల్లగా తెరుచుకుని వచ్చినట్టు వస్తుంది. ఈ భాగానికి మొజార్ట్ రాసిన కేడెన్జా మనకు దొరకలేదు కాబట్టి ప్రతి కళాకారుడూ తనదో మరొకరిదో వాయిస్తాడు. ఎవరిదో కార్యక్రమ పత్రంలో చూసుకోండి. ఇప్పుడు లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో ఉన్న రాతప్రతిలో పియానో భాగం కొన్నిచోట్ల గీతలు గీసినట్టు క్లుప్తంగా ఉంటుంది, అంటే అక్కడ కూడా కళాకారుడి ఊహకు చోటుంది. కేడెన్జా తరువాత పియానో ఊరుకోవడం ఆనాటి పద్ధతి. ఇక్కడ అలా జరగదు, అది అలలు అలలుగా కదులుతూ చివరిదాకా ఆర్కెస్ట్రాతోనే ఉంటుంది, భాగం గుసగుసగా ముగుస్తుంది. ఆ గుసగుస తరువాతి నిశ్శబ్దాన్ని దగ్గుతో నింపకండి.

ఇక మీరు మూడు రోజులు విన్న లార్‌గెట్టో. పియానో పాట తరువాత రెండు ఘట్టాలు వస్తాయి, వాటిలోనే ఈ సాయంత్రం సారమంతా ఉందని నా అభిప్రాయం. మొదటి ఘట్టం ఒబోలు, ఫ్లూట్, బస్సూన్‌లది, సి మైనర్ నీడ దాని మీద పడుతుంది. రెండోది క్లారినెట్లది, ఏ ఫ్లాట్ మేజర్‌లో, వెచ్చగా ఉంటుంది. రెండింటిలోనూ సుషిర వాద్యాలు ముందు ఒక వాక్యం చెబుతాయి, పియానో తంత్రీ వాద్యాల ఆసరాతో ఆ వాక్యాన్నే నగిషీలు పెట్టి తిరిగి పలుకుతుంది. ఇక్కడ కళాకారుడిని చూడండి. తాను వాయించని క్షణాల్లో చేతులు ఒడిలో పెట్టుకుని నేల చూస్తున్నారా, క్లారినెట్ల వైపు తల తిప్పి వింటున్నారా? రెండో పని చేసిన కళాకారుడి జవాబులో క్లారినెట్ ఊపిరి ఎక్కడ ఆగిందో పియానో కూడా అక్కడ ఆగుతుంది. బాల్కనీ సీటుకు పెట్టిన డబ్బుకు ప్రతిఫలం ఆ ఒక్క తల తిప్పడంలో వచ్చేస్తుంది.

మూడో భాగం ఒక నడక పాట, దాని మీద ఎనిమిది మార్పులు. లెక్క తప్పినా నష్టం లేదు, నాలుగోది క్లారినెట్లతో, ఆరోది ఒబోతో మొదలవుతాయి కాబట్టి వాటి దగ్గర మళ్ళీ దారి దొరుకుతుంది. ఆరోది మేజర్‌లోకి తిరిగి కాసేపు ఎండ కాసినట్టు చేస్తుంది. సెరెనేడ్ చివర సి మేజర్‌కు చేరి వెలుగుతో ముగిసింది కదా, ఇది కూడా అలాగే ముగుస్తుందని మనసు ఆశపడుతుంది. ఎనిమిదో మార్పులో లయ మారి నాట్యంలా ఊగుతుంది, కానీ రచన సి మైనర్‌ను విడవకుండానే ఆగిపోతుంది.

చప్పట్లు మొదలైన తరువాత కళాకారుడు వంగి నమస్కరించి, సాధారణంగా చేయి చాచి సుషిర వాద్యకారులను ఒక్కొక్కరినీ లేపుతారు: ముందు ఒబో, తరువాత ఫ్లూట్, క్లారినెట్లు, బస్సూన్‌లు, హార్న్‌లు. అప్పటికే చాలామంది కోటు వెతుక్కుంటూ, కారు తాళాలు తీస్తూ ఉంటారు. మీరు మాత్రం కూర్చునే ఉండి, ఆ ఒబో కళాకారిణి లేచినప్పుడు చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టండి.